రాయచోటి గోడ మీద అమ్మ

కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసి ఇక్కడ పిల్లల్ని పైకి తెచ్చిన ఆడవాళ్ల బొమ్మలు రాయచోటి బస్టాండు పక్క గోడ మీద వేస్తున్నారని తెలిసి, అమ్మ ఫొటో నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఆమెను అడగలేదు. అడిగితే వద్దంటుంది. పదకొండేళ్లు అక్కడ ఉండి నన్ను టీచర్ని చేసిన మనిషికి నలుగురిలో దండం పెట్టుకోవాలని నా ఆరాటం.

ఆ రోజుల్లో కువైట్ నుంచి వచ్చే ప్రతి ఫొటోలోనూ మా ఆడవాళ్లు సోఫాలోనే ఉండేవాళ్లు. యజమానురాలు బయటికి వెళ్లినప్పుడు మంచి చీర కట్టుకుని, ఆమె సోఫాలో కూర్చుని తీయించుకునేవాళ్లు. ఇంట్లోవాళ్లు బెంగపడకూడదని. నేను అమ్మ పంపిన అలాంటి ఫొటో బడికి తీసుకెళ్లి, మా అమ్మ మహారాణిలా ఉందని కోతలు కోసేదాన్ని. బుద్ధి ఉంటేగా! అక్కడ ఏం పని చేస్తున్నావని ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు.

పెయింటరుకు ఇంటింటా దొరికినవి అవే ఫొటోలు. పాపం, ఉన్నది ఉన్నట్టే గీశాడు. గోడ పొడుగునా సోఫాలు, వాటి మీద మా అమ్మలు. ఎవరో ఒకాయన ఇది ఫర్నిచర్ షాపు వాళ్ల ప్రకటన అనుకుని రేట్లు కూడా అడిగాడట.

సంగతి అమ్మ చెవిన పడింది. మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. వంట మాత్రమే చేసేదాన్నని బంధువులందరికీ చెప్పుకున్న మనిషి ఆమె. ఈ గోడ మీద కనిపిస్తే పరాయి ఇంటి నేల కూడా తుడిచిందని తెలిసిపోయి పరువు పోతుందని భయం. బొమ్మ చెరిపేయమంటుందనే అనుకున్నాను.

గోడ పొడుగునా నడిచి తన బొమ్మ ముందు ఆగింది.

"ఏమప్పా, నన్ను సోఫాలో కూచోబెట్టినావే?"

"ఫొటోలో అట్లనే ఉండాది కదమ్మా," అన్నాడు పెయింటరు.

"ఫొటో తీసేంతసేపే కూచున్యా. మిగతా పదకొండేండ్లు యాడ పోయినాయి?"

ఆయన బ్రష్ కింద పెట్టాడు. "ఎట్ల గీయాల్నో నువ్వే చెప్పుమ్మా."

అమ్మ చుట్టూ చూసింది. బస్సు కోసం నిలబడ్డవాళ్లలో మా మేనత్త కూడా ఉంది. "అమా, పోదాం రా," అని చెయ్యి పట్టి లాగాను. విడిపించుకుంది. కుచ్చిళ్లు ఎగదోపుకుని నేల మీద మోకాళ్లూనింది. వీపు వంచి, కొంచెం కొంచెం వెనక్కి జరుగుతూ బండలు రుద్దడం మొదలుపెట్టింది. పక్కన బకెట్టు ఉన్నట్టే మధ్యమధ్య ఎడమచేత్తో జరుపుకుంటోంది. నేను తిన్న అన్నం, చదివిన చదువు ఎక్కడి నుంచి వచ్చాయో అప్పుడు చూశాను. ఇన్నేళ్లకు. ఏడుపు ఆపుకోలేకపోయాను.

"ఏడ్సొద్దు పాపా, పక్కకు జరుగు," అంది అమ్మ మోకాళ్ల మీది నుంచే. తర్వాత పెయింటరు వైపు తలెత్తింది. "మొగం సరిగ్గా గీయప్పా. ఎవరో అనుకోకూడదు. నేనే అని తెలియాల."