ఆరబెట్టని గొట్టం

మా చెల్లెలు పొడులు తయారు చేసేది. మొహానికి పూసుకునేవి కావు. లోహపు ఉప్పునీ ఒక సేంద్రియ ఆమ్లాన్నీ ద్రావకంలో ఉడికిస్తే తయారయ్యే తెల్లటి స్ఫటికాలు. వాటి లోపలంతా కంటికి ఆనని ఖాళీ గదులట. ఆ పొడి నింపిన ట్యాంకులో మామూలు ట్యాంకు కంటే ఎక్కువ గ్యాసు పడుతుందట. "ఖాళీని తయారు చేసినందుకు నీకు జీతమా?" అని ఏడిపించేదాన్ని. నేను దర్జీని, కంటికి కనిపించేదే నాకు పని.

ల్యాబులో దాన్ని పొట్టి అనేవారు, దాని స్నేహితురాలిని పొడుగు అనేవారు. ఇద్దరిదీ ఒకే కంచం, ఒకే మంచం. పొడుగు మా ఇంటికొస్తే అక్కా అక్కా అంటూ, చెప్పకుండానే గిన్నెలు తోమిపెట్టేది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే మనిషని నాకేం తెలుసు?

ఉడికిన పొడి గదుల నిండా ద్రావకం ఉంటుంది. పైకి మాత్రం పొడిపొడిగానే కనిపిస్తుంది. పాతవాళ్లు ఖాళీ చేస్తే కదా అద్దెకు కొత్తవాళ్లు దిగేది! అందుకని పొడిని గాజు గొట్టంలో పోసి, వేడి చేస్తూ పంపుతో ఆ తడంతా లాగేయాలి. అప్పుడే గ్యాసు ఎంత పడుతుందో కొలవాలి. వాళ్ల దగ్గర ఆరబెట్టేది ఒకరు, కొలిచేది ఇంకొకరు. ఆరబెట్టినవాళ్లు అయిపోయిందంటే అయిపోయినట్టే. మళ్లీ అడిగితే అవతలివాళ్లను అనుమానించినట్టు.

ఆ ఏడాది వాళ్ల ల్యాబు పెద్ద సారు తేల్చి చెప్పేశాడు. ఇద్దరిలో ఎవరి పొడిలో ఎక్కువ గ్యాసు పడితే వాళ్లకే పర్మనెంటు ఉద్యోగం, రెండోవాళ్లు వేరే దారి చూసుకోవాలి.

మా చెల్లెలి పొడిని ఆరబెట్టడం పొడుగు వంతు. "అయిపోయిందే, కొలుచుకో" అని గొట్టం చేతికిచ్చింది. కొలిస్తే గ్యాసు పట్టనే లేదు. మా పిచ్చిమొహం మీటింగులో తనే లేచి, నా పొడి పనికిరాదు సార్ అని ఒప్పేసుకుంది. ఇంటికొచ్చి వెక్కి వెక్కి ఏడిస్తే, పొడుగు పక్కన కూర్చుని వీపు నిమిరింది. "మిగిలింది పారేయకు, నాకివ్వు" అని సీసా పట్టుకెళ్లింది.

కొన్నాళ్లకు సారు అందరినీ పిలిచి, పొడుగు చేసిన కొత్త పొడి అంటూ దాని ఎక్స్‌రే గీతను తెర మీద చూపించాడు. స్ఫటికానికి ఆ గీత వేలిముద్ర లాంటిది. అది తన పొడే అని మా చెల్లెలికి చూడగానే తెలిసిపోయింది. లేచి చెప్పింది కూడా. "పనికిరాదని నువ్వే కదమ్మా అన్నావు" అన్నాడు సారు. ఉద్యోగం పొడుగుకి వెళ్లిపోయింది. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో ఆ రోజు చూశాను.

ఆ సాయంత్రమే పొడుగు మా గుమ్మంలోకి వచ్చింది. ఎంత ధైర్యం! నేను చీపురు తీశాను. మా చెల్లెలు నా చెయ్యి పట్టుకుని ఆపి, దాన్నే అడిగింది.

"ఆ రోజు గొట్టం ఆరబెట్టావా?"

"లేదు. పంపుకి తగిలించనే లేదు."

పొడుగు కళ్లనిండా నీళ్లు. అవి చూస్తే నాకు ఇంకా మండింది.

"నువ్వు ఇంకోసారి ఆరబెట్టి చూస్తావేమోనని రోజూ భయపడి చచ్చాను. చూసి ఉంటే అప్పుడే దొరికిపోయేదాన్ని. ఎందుకు చూడలేదే?" అంది, తప్పంతా దీనిదే అయినట్టు.

"నువ్వు అయిపోయిందన్నావు కదే" అంది మా చెల్లెలు.