పండుగప్ప కోసం దశమి ప్రయాణం

మా ఆయనకి గుండె ఆపరేషన్ చేసిన డాక్టరు ఇంటికి పంపేటప్పుడు ఒకటే చెప్పారు. కొన్నాళ్లు జాగ్రత్తగా ఉండి, తర్వాత మీ పనులన్నీ మీరే చేసుకోండి అని. కొన్నాళ్లు పోయాయి, నెలలు కూడా పోయాయి. ఆయన మాత్రం వరండాలో కుర్చీ వదల్లేదు. గేటు దాకా వెళ్లాలన్నా నా భుజం మీద చెయ్యి వెయ్యాల్సిందే. హైస్కూల్లో పిల్లల్ని గడగడలాడించిన మనిషి, పెరట్లో కొబ్బరికాయ రాలిన చప్పుడికి ఛాతీ పట్టుకునేవారు. ప్రాణం దక్కింది, సంతోషమే. కానీ నేను కాపురం చేసిన మనిషి దక్కలేదు. నాకు ఆ మనిషి కావాలి.

ఒకప్పుడు సెలవొస్తే చాలు, గాలం పట్టుకుని కాలువ గట్టున ఉండేవారు. ఇప్పుడు గాలాలు అటక మీద, ఆయన ఫోను వీడియోల్లో. ఎక్కడిదో చలిదేశం, అడవి మధ్య ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి పోయే సరస్సులు, అందులో మస్కీ అని మొసలి మూతి చేప. దాని కోసం ఉన్ని టోపీలవాళ్లు రోజంతా గాలం విసరడం, లాగడం, మళ్లీ విసరడం. చేప పడదు. అయినా మా ఆయన రెప్ప వెయ్యరు. ఆ ప్రయాణానికి వాళ్లు ఏడాది ముందు నుంచీ ఏర్పాట్లు చేసుకుంటారట. ఆ సంగతి నాకు చెప్పేటప్పుడు మాత్రం గొంతులో కాస్త జీవం వినిపించేది.

"మనకి పండుగప్ప చేప లేదేంటండీ? మా తమ్ముడి బోటుంది, వెళ్దాం" అన్నాను ఒక పొద్దున.

"పిచ్చా నీకు?" అని మళ్లీ ఫోను చూసుకున్నారు.

పిచ్చే అనుకుని పని మొదలుపెట్టాను.

నేను పుట్టింది గోదావరి సముద్రంలో కలిసే వైపు, పడవల వాళ్ల ఇంట్లో. మురమళ్ళ దాటి బోటెక్కితే మడ చెట్ల మధ్య అన్నీ పాయలే, పాయల్లోంచి మళ్లీ పాయలు. పోటు వచ్చినప్పుడు సన్న పాయల్లోకి నీళ్లెక్కుతాయి. రొయ్యలూ చిన్న చేపలూ ఆ నీళ్లలో లోపలికి పోతాయి. నీళ్లు వెనక్కి లాగేటప్పుడు పండుగప్ప పాయ మొదట్లో నోరు తెరుచుకుని కాచుక్కూర్చుంటుంది. అమావాస్యకీ పున్నమికీ పోటు పెద్దది, మధ్య రోజుల్లో నీరసం. మా పుట్టింట్లో ఇది ఒకరు నేర్పేది కాదు, అన్నం తినడం వచ్చినట్టు వచ్చేస్తుంది.

కాబట్టి అమావాస్య అనుకున్నాను. గాలాలు దింపి తుప్పు గీకాను. అమలాపురం వెళ్లి కొత్త గాలపు దారం కొన్నాను. "ఎవరికండీ?" అన్నాడు కొట్టతను. "నాకే" అన్నాను. మందుల సంచీ, గొడుగు, ఉప్పు తగ్గించిన పులిహోర, బోటులో ఆయన ఆనుకుని కూర్చోవడానికి ప్లాస్టిక్ కుర్చీ, అన్నీ సిద్ధం చేశాను.

అంతలో ఆయన అక్కగారు రామచంద్రపురం నుంచి పంచాంగంతో సహా దిగారు.

"అమావాస్య నాడు, ఆపరేషనైన మనిషిని నీళ్ల మీదకి తీసుకెళ్తావా అమ్మాయ్? మతుండే మాట్లాడుతున్నావా?"

"ఆ రోజైతేనే చేప ఉంటుందండి వదినగారూ."

"చేప మాట దేవుడెరుగు, మా తమ్ముడుండాలి కదా!"

ఆవిడ వేళ్లు మడిచి, గురువారం దశమి, దివ్యంగా ఉందన్నారు. దశమికి ఆ పాయల్లో నీళ్లు సరిగ్గా ఎక్కవని నాకు తెలుసు. చెప్పబోతుంటే కుర్చీలోంచి ఆయన, "అక్కయ్య చెప్పిన రోజైతే వస్తాను" అన్నారు. ఆయన నోట 'వస్తాను' అన్న మాట విని ఎన్నాళ్లయిందో! దశమికే ఒప్పేసుకున్నాను.

తమ్ముడికి ఫోన్ చేస్తే, "దశమికా?" అని రెండుసార్లు అడిగాడు. "ఆయ్... మీ ఇంట్లో పెద్దోళ్లు పెట్టిన రోజు, నేను కాదంటానేంటక్కా? వచ్చీండి" అన్నాడు. వాడికీ తెలుసు. కానీ ఆడపిల్ల అత్తింటివాళ్ల మాటకి పుట్టింటివాళ్లు అడ్డు చెప్పకూడదు, గోదాట్లో నీళ్లు లేకపోయినా సరే.

దశమి నాడు దుర్ముహూర్తం దాటేదాకా వదినగారు గడప దాటనివ్వలేదు. మేం వెళ్లి తమ్ముడి బోటెక్కేసరికి, వచ్చిన ఆ కాస్త పోటూ తీయడం మొదలుపెట్టింది. పాయలోకి తిరిగామో లేదో, బోటు అడుగు బురదని రాసుకుంటూ వెళ్లి ఆగిపోయింది. తమ్ముడు ఇంజను ఎత్తేసి గెడ వేశాడు. గెడ దిగింది గానీ బోటు కదల్లేదు. నీళ్లు మా కళ్ల ముందే పోతున్నాయి. ఇప్పుడు బయటపడకపోతే మళ్లీ పోటు వచ్చేదాకా ఆ ఎండలో అక్కడే. ఆయన ముఖం చూడటానికి భయమేసింది. ఈ ఒక్క రోజుతో ఆయన ఇంక జన్మలో గుమ్మం దిగరనుకున్నాను.

"బరువు తగ్గించి తొయ్యాలక్కా" అన్నాడు తమ్ముడు. నేను చీర ఎగదోపుకుంటున్నాను. వెనక దబ్బుమని చప్పుడైంది. తిరిగి చూస్తే కుర్చీ ఖాళీ.

ఆయన మోకాళ్ల లోతు బురదలో నిలబడి, రెండు చేతులూ బోటుకి ఆనించి ఉన్నారు.

"అయ్యో, ఎక్కండి! ఒరేయ్, బావగారిని ఎక్కించరా!" అని అరిచాను.

"మీరెందుకు దిగేరండీ బావగారూ? ఎక్కీండి, నేను తోస్తాను" అన్నాడు తమ్ముడు.

"నువ్వు గెడ వదలకోయ్" అన్నారాయన, వాడి వైపు చూడకుండానే. ముఖం ఎర్రబడింది, రొప్పుతున్నారు, కాలు జారినా మళ్లీ నిలదొక్కుకుని తోస్తున్నారు. ఇన్నాళ్లూ ఆయన్ని కుర్చీలోంచి లేపాలని చూసినదాన్ని, లేచి నిలబడేసరికి నా ప్రాణాలే పైకి పోయాయి.

"వద్దండీ, మీ కాళ్లు పట్టుకుంటాను, ఎక్కండి!"

"నోరు మూసుకుని దిగి తొయ్యి! పొద్దున్నించీ ఒకటే గోల!"

వీధి చివరికి వినిపించే ఆ పాత గొంతు. ఇన్ని నెలలూ నాతో నర్సుతో మాట్లాడినట్టు మాట్లాడారు. కాస్త నీళ్లిస్తావా, కాస్త పట్టుకుంటావా అని, దణ్ణం పెట్టినట్టు. నన్ను కసురుకోవడమే మర్చిపోయారు.

దిగాను. ఆయన పక్కనే భుజం ఆనించి తోశాను. ఏడుపు ఆగలేదు. "ఊఁ, ఇంకోసారి" అన్నారు. కళ్లు తుడుచుకుందామంటే రెండు చేతులకీ బురదే.