మామ బండి, అత్తమ్మ చడావు

ఒకరికి మేలు చేయాలనుకున్నప్పుడు ముందు వాళ్లను అడగాలా? అడిగితే సగం మేలు అక్కడే పోతుందేమో. అడగకపోతే అది మన సంతోషమే తప్ప వాళ్లది కాదేమో. ఈ ప్రశ్న చాలా ఏళ్లుగా నాతో ఉంది. తనకు తెలియకుండానే దాన్ని నాకు అంటించిన మనిషి, మా అమ్మ తమ్ముడు, మా మేనమామ, పోయిన నెల కామారెడ్డిలో చనిపోయాడు. పొద్దున చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, "జర ఒరుగుత" అన్నాడట. కాసేపటికి అత్తమ్మ నాకు ఫోన్ చేసింది. "మీ మామ లేస్తలేడే" అని మాత్రం చెప్పింది. బస్సెక్కి కూర్చున్నాక కూడా ఆ మాట నా తలకెక్కలేదు.

దోమకొండ నుంచి డిగ్రీ చదువుకోవడానికి వచ్చి నేను వాళ్లింట్లోనే ఉన్నాను. మా అమ్మమ్మ కూడా అక్కడే ఉండేది. మామ రైస్ మిల్లులో గుమాస్తా. అత్తమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది. మామకు ఒక చిన్న మోటార్ సైకిల్ ఉండేది. నేను చూసేనాటికే అది పాతది, ఎవరో వాడి వదిలేస్తే కొన్నది. స్టార్ట్ చేసే ముందు ట్యాంకును అరచేత్తో తట్టేవాడు. "ఇంజన్‌ను బెదిరియ్యొద్దు బిడ్డా, బుజ్జగియ్యాలె" అనేవాడు. చేతులకంటిన గ్రీజును అత్తమ్మ కత్తిరించి పారేసిన తునికాకు ముక్కలతో తుడుచుకునేవాడు. అందుకే ఆయన దగ్గర ఎప్పుడూ ఆకు వాసన, పెట్రోలు వాసన కలిసి వచ్చేవి.

పరీక్షల రోజుల్లో నన్ను బండి మీద కాలేజీకి తీసుకుపోయేవాడు. ఆ బండి చప్పుడుకు తోటి ఆడపిల్లలు నవ్వుతారని నాకు సిగ్గుగా ఉండేది. ఆ సంగతి నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. గేటుకు చాలా ముందే, వేపచెట్టు నీడలో ఆపి, "ఈడ దిగు, నీడున్నది" అనేవాడు. చలికాలంలో కూడా అక్కడే దింపేవాడు.

అత్తమ్మ పుట్టిల్లు ఎల్లారెడ్డి. అక్కడ పెళ్లయినా పేరంటమైనా ఇద్దరూ ఆ బండి మీదే వెళ్లేవాళ్లు. లింగంపేట దాటాక ఒకచోట అడవిలో రోడ్డు పైకి లేస్తుంది. అట్లాంటి ఎక్కుడు దారిని మా వైపు చడావు అంటారు. ఇద్దరినీ మోస్తూ ఆ చడావు ఎక్కడం బండి వల్ల అయ్యేది కాదు. కింది మలుపు దగ్గర అత్తమ్మ దిగిపోయేది. మామ ఒక్కడే మొదటి గేరులో పైకి పోయి, ఇంజన్ ఆపి, ఆమె నడిచి వచ్చేదాకా నిలబడేవాడు. మలుపు కనబడగానే ఆమె కుచ్చిళ్లు సర్దుకునేదట. దిగమని మామ చెప్పే పని కూడా లేదు.

ఇది ఎల్లారెడ్డి బావమరిదికి తెలిస్తే ఊరుకుంటాడా? ఒక పెళ్లిలో, బంతిలో అందరూ తింటుండగా అడిగాడు.

"బావా, మా అక్కను ఎక్కించుకొచ్చినవా, నడిపించుకొచ్చినవా?"

బంతి బంతంతా నవ్వింది. మామ కూడా నవ్వాడు. కానీ ఆ తర్వాతి ఆదివారం బండిని మెకానిక్ భాయ్ షెడ్డుకు తీసుకుపోయాడు. నేనూ వెంట వెళ్లాను.

"గుమాస్తా సాబ్, కొత్తది తీస్కోరాదు?" అన్నాడు భాయ్. "లేకుంటే నా కాడ పెద్ద ఇంజన్ ఒకటున్నది, దీంట్ల కూసోబెడ్త. గుర్రమైతది."

"గుర్రం నాకెందుకు భాయ్? నేను పోయేది ఎల్లారెడ్డికి. జర చడావెక్కితే చాలు. కొంచెమే జెయ్యాలె. కొంచెం కన్నా ఎక్కువ జేస్తే అది వేరే బండి అయితది."

ఆ కొంచెం కొన్ని నెలలు సాగింది. ముందు సైలెన్సర్‌లో, సిలిండర్ దారుల్లో పేరుకున్న మసి గీకారు. తర్వాత ఇంజన్ హెడ్‌ను లేత్ మీద వెంట్రుకంత మందం చెక్కించారు. అట్లా చేస్తే లోపల ఒత్తిడి పెరుగుతుందట. ఇంకొన్నాళ్లకు కాస్త వెడల్పు నోరున్న కార్బురేటర్ ఒకటి సంపాదించి బిగించారు. ఒక్కోటి అయినప్పుడల్లా మామ నన్ను వెనక కూర్చోబెట్టుకుని, మాచారెడ్డి రోడ్డులో ఎక్కడ ఎత్తు దొరికితే అక్కడ పరీక్ష పెట్టేవాడు.

"నువ్వు మీ అత్తమ్మంత లేవు. గీ బియ్యం సంచి వొళ్లె పెట్టుకో" అన్నాడు ఒకసారి. బీయే చదివే పిల్లను, ఒడిలో బియ్యం సంచితో, పొలాల్లో పనిచేసేవాళ్లంతా చూస్తుండగా ఆ ఎత్తు ఎక్కి దిగాను.

"నాకు జరమొస్తే గోలి తెచ్చిచ్చి పోతడు. దీని కడుపు మాత్రం ప్రతి ఆదివారం ఇప్పి చూస్తడు" అనేది అత్తమ్మ. అయినా ఆయనకు అన్నం షెడ్డుకే పంపేది.

చివరగా వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రాన్ని మార్చారు. చైన్ తిరిగేది దాని మీదే. ఎక్కువ పళ్లున్నది వేస్తే బండి వేగం తగ్గి, లాగే బలం పెరుగుతుంది. పెట్రోలు మాత్రం ఇంకాస్త తాగుతుంది. పెట్రోలు మిగులుతుందని దిగుడు దారిలో ఇంజన్ ఆపేసే మనిషి, దానికీ ఒప్పుకున్నాడు.

ఆసారి ఎల్లారెడ్డి నుంచి తిరిగి వచ్చిన మామ ముఖం నేను మరిచిపోలేను. "మలుపు కాడ మీ అత్త దిగవోయింది. కూసో అన్న. కూసున్నది. ఎక్కింది బిడ్డా, గునుసుకుంట గునుసుకుంట ఎక్కింది!" అమ్మమ్మకు చెప్పాడు, పక్కింటికి చెప్పాడు, మిల్లులో అందరికీ చెప్పాడు.

రెండో రోజో మూడో రోజో అత్తమ్మ చాటలో ఆకు పెట్టుకుని కూర్చుంటే, నేను పక్కన చేరాను.

"నడుచుడు తప్పింది గదా అత్తమ్మా."

"తప్పింది."

ఆ గొంతు విని ఏమైందని అడిగాను. ఆమె కత్తెర ఆపలేదు.

"ఏం గాలె. నేను ఎక్కుతుంటే ఆయన పైన నిలబడి నా దిక్కే చూస్తుండె. నేను చేరేదాక చూస్తుండె. ఈ ఇంట్ల, మీ అమ్మమ్మ ముంగట, ఎన్నడన్న గట్ల చూసిండా? ఇగ ఇప్పుడు ఆయన వీపు చూసుకుంట పోవుడే." అని తానే నవ్వేసింది. "పిచ్చి ముచ్చట. ఆయనకు చెప్పకు. పాపం, గంత కష్టపడ్డడు."

నేను చెప్పలేదు. చెబితే ఆయన చేసిన పని చిన్నబోతుంది. చెప్పకపోతే ఆమె పోగొట్టుకున్నది ఎవరికీ తెలియకుండా పోతుంది. ఏది సరైనదో తేలక, ఊరుకున్నాను.

నా పెళ్లయి వెళ్లిపోయిన కొన్నేళ్లకు ఒకరోజు అత్తమ్మ ఫోన్‌లో, "మల్ల దిగి నడువవట్టిన" అంది. "చడావు గుంజుతలేదు. ఇంజన్ ముసల్దైందట." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో దిగులు లేదు. మామను అడిగితే, "వయసైతే ఎవలైనా ఆగి ఆగి పోవాలె బిడ్డా" అన్నాడు. మోకాళ్లు మొరాయించేదాకా అత్తమ్మ ఆ చడావు నడుస్తూనే ఉంది.

దినాలు అయ్యాక ఎల్లారెడ్డి బావమరిది, అప్పుడు బంతిలో నవ్వించిన ఆయనే, కళ్లు తుడుచుకుంటూ బండి తనకిమ్మని అడిగాడు. అత్తమ్మ సరేనంది. ఒకసారి చూసి ఇమ్మని భాయ్‌ను పిలిపించాం. ఇప్పుడు ఆయన గడ్డమంతా తెల్లబడింది. వాకిట్లో బండిని స్టాండు మీద నిలబెట్టి స్టార్ట్ చేసి, ఇంజన్ దగ్గర చెవి పెట్టి విన్నాడు. తర్వాత చైన్ మీది రేకు కవరు విప్పి, వెనక చక్రం పళ్లు వేలితో లెక్కపెట్టాడు.

"ఇంజన్ మస్తుగున్నది. ఎవరన్నరు ముసల్దైందని? ఇగో, పాత చిన్న పళ్ల చక్రం మల్ల ఎక్కిచ్చిన్రు. నేనైతే ఎక్కియ్యలే. దీంతోని ఇద్దరిని గుంజదు."

భాయ్ కాకుండా ఆ బండిని విప్పేది మామ ఒక్కడే.

"పెట్రోల్ కోసమే అయ్యుంటది" అన్నాడు భాయ్, మా ముఖాలు చూసి. అది కూడా నిజమే కావచ్చు. చిన్న చక్రంతో చదును రోడ్డు మీద పెట్రోలు మిగులుతుంది. ఆయన అట్లాంటి మనిషే. అడగకుండానే వేపచెట్టు కింద దింపిన మనిషి కూడా ఆయనే.

అత్తమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పినవా ఆయనకు?"

"లేదత్తమ్మా, ఒట్టు."

"నేను గూడ చెప్పలె."

కొంగుతో ట్యాంకు మీది దుమ్ము తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. "పెట్రోల్ ధర పిరమైంది గదా అప్పట్ల" అంది.

పెద్ద పళ్ల చక్రం అటక మీద దొరికింది. నూనె గుడ్డలో చుట్టి ఉంది, తుప్పు లేదు. భాయ్ దాన్ని చేతిలో పట్టుకుని అడిగాడు. "బండి ఎల్లారెడ్డికి పోతదంటున్నరు. తొవ్వల చడావున్నది. ఇది వెయ్యాల్నా, గట్లనే ఉంచాల్నా?"

"నువ్వే చెప్పు బిడ్డా, నాకు నోరొస్తలేదు" అంది అత్తమ్మ.

పెద్దది వేస్తే బావమరిది భార్యకు దిగే బాధ ఉండదు. కానీ మామ తన చేతులతో చేసిన ఆఖరి మార్పు, అది దేనికోసం చేసినా, పోతుంది. బావమరిది భార్యనే అడుగుదామంటే, దిగి నడుస్తానని ఎవరైనా నోటితో అంటారా? అత్తమ్మ మాత్రం అందా? ఆలోచించి చెబుతానని భాయ్‌ను పంపేశాను.

బండి ఇంకా వాకిట్లోనే ఉంది. ఊడదీసిన చైన్ కిరసనాయిలు గిన్నెలో నానుతోంది. నిన్న సాయంత్రం అత్తమ్మ బట్టలు తీసుకుపోతూ ఆగి, వెనక చక్రాన్ని వేలితో తిప్పింది. అడ్డుపెట్టడానికి చైన్ లేదు కాబట్టి అది చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగింది. ఆమె అది ఆగేదాకా చూస్తూ నిలబడింది. భాయ్ రెండుసార్లు ఫోన్ చేశాడు. ఏ చక్రం వేయమనాలో నాకింకా తేలలేదు.