అత్త దవడ పట్టేసిన శనివారం

తెల్లవాళ్ల ప్రభుత్వం పోయిన కొత్తలో లెక్కల టీచరుగా మన దేశం నుంచి ఇక్కడికి వచ్చి, ఖర్వాస్తాన్ అనే పేటలో ఒక తెలుగావిడ ఇంట్లో అద్దెకు దిగాను. ఆవిడ పూర్వీకులు చెరకు తోటల పనికి వచ్చినవాళ్లు. ఆవిడను అత్తా అని పిలిచేదాన్ని. శనివారం భజనలో ముందు పాడేది ఆవిడే. పాటల అర్థం సగం తెలియకపోయినా ఒక్క మాట తప్పేది కాదు.

తినేటప్పుడు ఆవిడ దవడ టక్కుమనేది. చెవి ముందు నొప్పి. పంటి నొప్పి అనుకుని ఎప్పుడో రెండు పళ్లు పీకించుకుంది. నొప్పి మాత్రం పోలేదు.

"డాక్టరుకి చూపించుకోకూడదా అత్తా?"

"ఏటీ లేదే అమ్మీ. పాత ఎముక. అలాగే సౌండు సేస్తాది."

ఒక శనివారం పాట మధ్యలో ఆవిడ గొంతు ఆగిపోయింది. నోరు ఒక్క వేలు పట్టేంతకు మించి తెరుచుకోవడం లేదు. అందరూ కంగారుపడి లేచారు. "పాడండి, పాడండి, ఆపకండి" అని పళ్ల సందులోంచే గదమాయించి, చివరిదాకా తాళం వేస్తూ కూర్చుంది.

సోమవారం ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఒకప్పుడు తెల్లవాళ్లకు మాత్రమే అన్న ఆసుపత్రి అది. పళ్ల డాక్టరు ఇక్కడి జులూ తెగ అమ్మాయి. అత్త జులూలో పలకరించేసరికి ఆమె ముఖం వికసించింది. చెవుల ముందు వేళ్లానించి దవడ కదలిక చూసింది. ఏం పని చేసేవారని అడిగింది. బట్టల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు పళ్లతో దారం తెంపానని, సూపర్‌వైజరు అరిస్తే పళ్లు బిగించి ఊరుకునేదాన్నని అత్త చెప్పింది.

డాక్టరు నాకు ఇంగ్లీషులో వివరించింది. "కీలు మధ్య మెత్తటి బిళ్ల పక్కకు జారింది. ఊరికే టక్కుమంటే వైద్యం అక్కర్లేదు. నొప్పి తగ్గకపోయినా, నమలలేకపోయినా, నోరు పట్టేసినా వెంటనే రావాలి. ఆపరేషన్ ఇప్పుడు ఆలోచించక్కర్లేదు."

మెత్తటి తిండి, వేడి గుడ్డ కాపడం, పడుకునేటప్పుడు పళ్లకు తొడుగు, రోజూ అద్దం ముందు కొంచెం కొంచెంగా నోరు తెరవడం. రెండు నెలలు ఆవిడ ఒక్క పూట మానలేదు. పప్పన్నం మెత్తగా పిసుక్కుని తినేది, విసుక్కోవడం నేను చూడలేదు. అంత పట్టుదల నా విద్యార్థుల్లోనూ చూడలేదు.

మూడు వేళ్లు పట్టేంత నోరు తెరుచుకున్నాక మళ్లీ పాడింది, పెద్ద పాటల మధ్య కాస్త ఆగుతూ.

తర్వాత పక్కింటావిడ తన దవడ కూడా చప్పుడు చేస్తోందని భయపడుతూ వచ్చింది. అత్త ఆమె చెవుల ముందు వేళ్లు పెట్టి, డాక్టరంత గంభీరంగా అడిగింది.

"నొప్పి లేదు గదా? నమలతావా? నోరు బాగా తెరుస్తాదా? అయితే ఇంటికి పో. నొప్పెడితే మాత్రం పన్ను పీకించకు, నాతో రా."