గుగ్గిలం తినే బెల్టు

మా అన్న కుడిచెయ్యిని హిందూపురం శెనక్కాయల మిల్లు బెల్టు లాక్కుంది. లాక్కుంటుందని, లాక్కోకుండా ఉపాయం కూడా నేను ముందే చెప్పాను. విన్నారు, బాగుందన్నారు, చెయ్యలేదు.

అవి యాభైల చివరి ఏండ్లు. ఆ మిల్లులో ఆయిలింజను నుంచి కాయలు ఒలిచే మిషనుకు పొడవాటి తోలు బెల్టు ఉండేది. ముసురు పట్టిందంటే అది సాగి చక్రం మీద జారేది. జారినప్పుడల్లా మా అన్న పక్కన నిలబడి, తిరుగుతున్న బెల్టు మీదే పట్టు కోసం గుగ్గిలం పొడి చల్లేవాడు. అన్ని మిల్లుల్లోనూ అదే అలవాటు. ఒకనాడు నేను అన్నం తీసుకుపోయేసరికి అతని చొక్కా చేతి అంచు చిరిగి వేలాడుతోంది. ఏమైందంటే నవ్వాడు.

"ఇది నా చేతి ముద్ద తప్ప తినదబ్బా."

ఆ నవ్వు నాకు నచ్చలేదు. బడి చదువు లేదు గాని, దేన్నైనా బాగుచెయ్యాలంటే నాకొక వరస ఉంది. మనకేం కావాలి, అది దొరికితే ఏది చెడుతుంది, ఇదే చిక్కును వేరే పనివాళ్లు ఎట్లా విప్పుకున్నారు. బెల్టు బిగిస్తే జారదు, బేరింగులు కాలిపోతాయి. వదులుగా ఉంచితే బేరింగులు బతుకుతాయి, మా అన్న చెయ్యి దాని దగ్గరికి పోవాలి. ధర్మవరం మగ్గాల మీద అంచుపోగులకు రాళ్లు వేలాడదీయడం గుర్తొచ్చింది. పోగు సాగితే రాయి దిగుతుంది, బిగువు మారదు. అట్లాగే చిన్న చక్రానికి బరువు కట్టి బెల్టు వదులు వైపున ఆనిస్తే సరి. గుగ్గిలమూ వద్దు, చెయ్యీ వద్దు.

యజమానికి గోడ మీద బొగ్గుతో గీసి చూపించాను. ఆయనకు వెంటనే అర్థమైంది. అదే ఇప్పటికీ నా కడుపుమంట. ఆ చక్రం బిగించడానికి ఒక పూట మిల్లు ఆపాలి. ఆయుధపూజకు ఎట్లాగూ ఆపి, కడిగి, కుంకుమ పెడతాం గదా, అప్పుడు చూద్దామన్నాడు. ముసురు పండగ కోసం ఆగలేదు. బెల్టు కీచుమంటూనే ఉంది. మా అన్న చొక్కా గుగ్గిలం వాసనతో చావింటి ధూపంలా ఉందని మా అవ్వ దాన్ని గడప బయటే విప్పించేది.

పండగకు ముందు వారమే చెయ్యి పోయింది. నా బొగ్గు గీత గోడ మీద అట్లాగే ఉంది.

ఆ తర్వాత యజమాని నాకు ఎదురుపడకుండా తిరిగాడు. ఏండ్లు గడిచాక పెనుకొండ స్టేషనులో బెంచీ మీద దొరికాడు. ఆ ఒక్క పూట ఎందుకు ఆపలేదని అడిగాను. ఆయన వక్క నములుతూ నింపాదిగా అన్నాడు:

"పండగనాడే బిగించినాం గదప్పా, నువ్వు గీసినట్లే. ఈ పొద్దుటికీ జారల్యా. మీయన్నే పండగ దాకా కాచుకోలేకపాయె."