గుమ్మడికాయకి తొడిగిన నాన్న టోపీ

నిన్న తెనాలి బజారులో ఒక కుర్రాడు వంకర పోయిందని ఉన్ని ఫెల్టు టోపీని చెత్తకుప్పలో పారేశాడు. మా అమ్మ ఉంటే వాడి చెవి మెలిపెట్టేది. నాకు చదువు తక్కువ, తప్పులుంటే సర్దుకోండి. నా ఈడువాళ్లకి ఆ టోపీలు గుర్తుండే ఉంటాయి.

నా చిన్నప్పుడు మేం రేపల్లెలో ఉన్నాం. ఒక రోజు, తెల్లారితే బాపట్లలో మేనత్త పెళ్లి. తండ్రి లేని చెల్లెల్ని చర్చి గుమ్మం దాకా నాన్నే నడిపించాలి. ఆయనకున్న దర్జా అంతా అలాంటి ఒక ఫెల్టు టోపీయే. వానకి తడిసిందని, ఆయన సరుకులకి వెళ్లినప్పుడు నేను దాన్ని పొయ్యి పక్కన ఆరబెట్టాను. అది అప్పడంలా బిగుసుకుని, నా తలకే పట్టనంత చిన్నదయింది.

"నాన్న చంపేస్తాడమ్మా!"

"ఏడుపాపి, పాక మీది గుమ్మడికాయలు కోసుకురా."

నాలుగు తెచ్చాను. అమ్మ ఒక్కోదాన్నీ రెండు చేతులతో తడిమి, మూడోది ఉంచుకుంది. మరిగే నీళ్ల ఆవిరి మీద టోపీని మెత్తబరిచి, వేళ్లు కాలుతున్నా సాగదీసి, ఆ కాయకి తొడిగి ఆరేదాకా ఉంచింది.

"నాన్న తల కొలత ఎట్టా తెలిసిందమ్మా?"

"వారం వారం మీ నాన్నకి తలంటేది ఎవర్రా, నువ్వా?"

పొద్దున నాన్న అద్దం ముందు నిలబడి, "ఏంటే, టోపీ ఇవాళ ఇంత బాగా కూర్చుంది?" అన్నాడు.

"పెళ్లికొడుకు మీరు కాదులెండి, నడవండి" అంది అమ్మ.

బాపట్లలో జనమంతా నాన్ననే చూశారు. నేను మాత్రం, బొబ్బలెక్కిన వేళ్లు కొంగులో దాచుకుని వెనక నడుస్తున్న అమ్మనే చూశాను.