ముప్పై ఐదు గొర్రెల కాలం

"ఒందు నిమిష హదినెంటు సెకెండు" అంది బెంగుళూరు క్యూబు పోటీలో నా ఎదురుగా కూర్చున్న జడ్జి అమ్మాయి. అంటే ఒక నిమిషం పద్దెనిమిది సెకన్లు. నాకిచ్చిన రెండు అవకాశాల్లో ఒక్కసారైనా నిమిషం లోపల ఆరు వైపులా రంగులు కుదిరిస్తేనే పోటీలో నిలుస్తాను. మొదటిసారి నిమిషం దాటినప్పుడు నేరం ఏసీ చలి మీదకు తోశాను. ఇది రెండోది. "అట్ల కాదమ్మా, ముప్పై ఐదు గొర్రెలు కూడా అయ్యుండవు" అన్నాను. ఆ అమ్మాయి టైమరు వైపు, నా వైపు, మళ్లీ టైమరు వైపు చూసింది. పక్క బల్ల దగ్గర ఎనిమిదేళ్ల పిల్లవాడు అప్పటికే ముగించి ముక్కు తుడుచుకుంటున్నాడు.

ఆ రోజుల్లో నాకు మాట్లాడే మనిషి కరువు. కదిరిలో నాతో డిగ్రీ చదివినవాళ్లంతా బెంగుళూరులో పనులకు పోతే, నేను మాత్రం తనకల్లు దగ్గర మా చేనులో బోరు మోటారుకు కాపలాగా మిగిలాను. పోతూ పోతూ ఒక స్నేహితుడు రంగుల క్యూబు నా చేతిలో పెట్టి, "ఊరికే కూర్చోనుంటావు గదప్పా, తిప్పుకుంటాండు" అన్నాడు. కరెంటు వచ్చేదాకా రేకుల షెడ్డులో అదే పని. ఎండకు ప్లాస్టిక్ కాలితే టవలు చుట్టి పట్టుకునేవాణ్ణి. సుడిగాలి లేస్తే కళ్లు మూసుకుని తిప్పేవాణ్ణి (తెరిచి చూస్తే మొదటికన్నా ఘోరంగా ఉండేది). కొన్ని నెలలకు చేయి తిరిగింది. చూసి మెచ్చేవాళ్లే లేరు.

ఒక్క అవ్వ తప్ప. మధ్యాహ్నం కరెంటు రాగానే ఆమె తన గొర్రెల్ని మా తొట్టి దగ్గరికి తోలుకొచ్చేది. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ కంపకంచె సందులో నిలబడి, ఒక్కొక్కటే దాటుతుంటే గట్టిగా లెక్కపెట్టేది. సెల్లు నాయన జేబులో ఉండేది కాబట్టి నాకు ఆమె లెక్కే గడియారం. మొదటి రోజు అవి వస్తున్నప్పుడు నోటితో సెకన్లు లెక్కించి చూశాను. గొర్రెకు ఒక సెకను, అచ్చంగా సరిపోయింది. కాకపోతే వచ్చేటప్పుడు నేను నీళ్ల పైపు పట్టుకోవాలి. అందుకని అవి తాగి పోయేటప్పుడే క్యూబు మొదలుపెట్టేవాణ్ణి. "ముప్పై ఐదు! అయిపాయనా అబ్బోడా?" అని అవ్వ అరిచేసరికి నా చేతిలో రంగులు కుదిరి ఉండేవి. పోటీ ఫారంలో 'మీ సగటు వేగం' అన్నచోట ముప్పై ఐదు సెకన్లని దర్జాగా రాశాను.

నిజానికి పోటీకన్నా, క్యూబు ఇచ్చిన ఆ స్నేహితుడు వచ్చి చూస్తాడనే ఆశతో పోయాను. "డ్యూటీ ఉండాదిరా" అని ఫోను పెట్టేశాడు. ఒక్కణ్ణే బస్సెక్కి వెనక్కి వచ్చాను.

మరునాడు అవ్వ కంచె దగ్గరే నిలేసింది. "గెలిచినావా?"

"లేదవ్వా. నిమిషం దాటిందంట."

"ఆడ గొర్రెలు ల్యాకపాయనా?"

"గడియారం ఉండాదవ్వా."

"దానికేం తెలుస్తాది! దప్పికతో వచ్చేటివి ఉరుకుతాయి, తాగి పోయేటివి పెండ్లికూతురి మాదిరి నడుస్తాయి." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "నా కట్టె గూడా రొంత అడ్డం పెడతాంటిలే. నీ మొగంలో నగవు సూడల్లని."

ఎన్నిటికి అడ్డం పెట్టావని అడిగితే, "హే, పోరా" అంటూ గొర్రెల వెనకాల పోయింది. నాయన సెల్లు తెచ్చి లెక్క తేల్చుకుందామనుకునేలోపే బోరు ఎండింది. అవ్వ మందను నీళ్లున్న చోటికి తోలుకుపోయింది.

తర్వాత పత్రికలో చేరాను. ఎవరు ఏ అంకె చెప్పినా "ఎవరు లెక్కపెట్టినారు?" అని అడగందే రాయను. అదొక పీడ అని ఆఫీసులో అంటారు. ఆ క్యూబు ఇంకా నా సొరుగులోనే ఉంది. ఇప్పుడు సెల్లులో టైము పెట్టుకుని తిప్పినా నిమిషం దాటుతుంది. ఆ ముప్పై ఐదు గొర్రెల్లో కడుపు నిండి నిదానించినవెన్నో, అవ్వ కట్టె ఆపినవెన్నో మాత్రం ఇప్పటికీ తేలలేదు.